ఉతుకుడులో ఉత్తీర్ణులు

ఓల్డ్‌ఫెర్రీ నగరం బాటమ్ పేటకు చెందిన ఇరవై ముగ్గురు నల్లజాతి పౌరులు, సహకార పద్ధతిలో బట్టలు ఉతికే దుకాణం నడపడంలో మూడంచెల శిక్షణ పొంది ఉత్తీర్ణులైనారని ఏప్రిల్ పద్నాలుగో తేదీన మేయరుగారు ప్రకటించారు. ఆ తేదీనాటికి బాటమ్ పేటలో బట్టలు ఉతికే మిషను ఒక్కటి కూడా లేదు. ఈ రెండు విషయాలకూ ఎటువంటి సంబంధమూ లేదని విచారణ సంఘం తేల్చింది. విచారణ సంఘంలో ఎవరెవరు ఉన్నారని అడగడం మర్యాద కాదు.

ఆ ఇరవై ముగ్గురిలో నేనొకణ్ణి. పేరు ఎల్లిస్ గాంట్. ముప్పై నాలుగేళ్లు ఈ పేటలోనే ఉత్తరాలు పంచి రిటైరయ్యాను. చేతిరాత కుదురుగా ఉంటుందని శిక్షణ మొదటిరోజునే నన్ను సమావేశాల వివరాలు రాసే పనిలో పెట్టారు. నా మాటల్లో ఎక్కడైనా సర్కారు వాసన తగిలితే అది ఆ పని తాలూకు మరక. ఎంత రుద్దినా పోవడం లేదు.

అసలు సంగతి ఇది. మా పేటలో కెస్లర్ లాండ్రీ నలభై ఏళ్లుగా ఉంది. నాణేలు వేస్తే తిరిగే మిషన్లు తొమ్మిది, ఆరబెట్టేవి ఐదు, బట్టలు మడతపెట్టుకునే పొడుగాటి బల్ల ఒకటి. యజమాని కెస్లర్‌గారు మోకాళ్లు అరిగిపోయి, ఆరేళ్ల కిందట కూతురు దగ్గరికి వెళ్లిపోయాడు. వెళ్తూ వెళ్తూ తాళంచెవి వెర్లీన్ టిల్మన్ చేతిలో పెట్టాడు. వెర్లీన్ అంటే మా బడిలో ముప్పై ఏళ్లు పిల్లలకు వండిపెట్టిన మనిషి. ఇప్పుడు అరవై తొమ్మిదేళ్లు. ఆవిడ చేతి అన్నం తినని తల పేటలో లేదు గనక అందరికీ పెద్దమ్మే.

పొద్దున్నే ఐదింటికి తలుపు తీసేది పెద్దమ్మ. మిషను మొరాయిస్తే బాగుచేసేది డీకన్ రూఫస్ హబర్డ్. చర్చిలో పెద్ద, బయట మెకానిక్కు. మిషనుకు చెవి ఆనించి, డాక్టరులా కళ్లు మూసుకుని, "దీనికి బెల్టు వదులైంది" అనేవాడు. అయ్యే ఉండేది. ఎవరి బట్టలు ఎప్పుడు వెయ్యాలో వరస రాసేది ఆర్నెటా. నదికి అవతల వృద్ధాశ్రమంలో ముసలివాళ్లను లేపి, కడిగి, తినిపించే ఉద్యోగం ఆమెది. పొద్దున డ్యూటీ ఉన్నవాళ్ల యూనిఫాంలు ముందు, పెళ్లి గౌన్లు తర్వాత అని నియమం పెట్టింది. ప్రతినెలా మొదటి ఆదివారం చర్చి అయ్యాక అందరం ఆ పొడుగాటి బల్ల చుట్టూ చేరి, వేయించిన చేపలు తింటూ, ఆ నెల ఏం చెయ్యాలో చేతులెత్తి నిర్ణయించుకునేవాళ్లం. డీకన్‌దైనా ఒక్క చెయ్యే. పిల్లల బూట్లు ఆరబెట్టే మిషన్లో వెయ్యకూడదని ఆయన పెట్టిన తీర్మానం పద్నాలుగు చేతుల తేడాతో ఓడిపోయింది. ఆయన అలిగి, నాలుగు చేపలు ఎక్కువ తిని, మర్నాడు యథాప్రకారం బెల్టులు బిగించాడు.

దీనికి సహకార సంఘం అనే పేరుందని మాకు తెలియదు. ఆ తెలియకపోవడమే మా వెనుకబాటుతనమని తర్వాత పెద్దలు చెప్పగా తెలిసింది.

కిందటి ఏడు ఆగస్టులో కెస్లర్‌గారి దగ్గర్నించి ఉత్తరం వచ్చింది. "నడిపేవాళ్లదే దుకాణం. ఇక మీదే. మిషన్లూ మీవే. లైసెన్సు మీ పేరు మీదికి మార్పించుకోండి" అని. పెద్దమ్మ ఆదివారం టోపీ పెట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని నగర కార్యాలయానికి వెళ్లింది. కిటికీ వెనక గుమాస్తా ఉన్నాడు. నెమ్మదస్తుడు.

"యజమాని పేరు చెప్పండమ్మా."

"అందరిదీ బాబూ."

"అందరూ అంటే?"

"వచ్చేవాళ్లం, చేసేవాళ్లం. ఇరవై ముగ్గురం తేలాం."

గుమాస్తా కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. "యజమానికి ఇందులో ఒక్క గడే ఉందమ్మా. ఇరవై ముగ్గురు పట్టరు."

"ఇంతకంటే చిన్న ఇంట్లో పట్టాం నాయనా మేము," అంది పెద్దమ్మ.

గుమాస్తా నవ్వాడు. నవ్వి, మా మేలుకోరి ఒక సలహా చెప్పాడు. ఆ సలహా చెప్పకుండా ఉంటే నేనీ కథ రాసేవాణ్ణి కాదు. 'ఉమ్మడి ఉదయం ఫౌండేషన్' అని ఒకటుంది, నల్లజాతి వాడల్లో జనం చేత సహకార వ్యాపారాలు పెట్టించడానికి శిక్షణ ఇస్తోంది, వాళ్ల సర్టిఫికెట్టు జతచేస్తే లైసెన్సు వస్తుంది, అన్నాడు.

ప్రారంభోత్సవం మా లాండ్రీలోనే జరిగింది. మేయర్ క్లిఫ్టన్ బ్రాడ్‌నాక్స్ మా పేటలో పుట్టినవాడే. ఇప్పుడు గుట్ట మీద ఉంటాడు. ఆయన మిషన్ల మధ్య నిలబడి చెయ్యెత్తి ఇలా సెలవిచ్చాడు: "సోదర సోదరీమణులారా! తరతరాలుగా మన జాతి పరుల బట్టలు ఉతికింది! ఇక మన బట్టలు మనమే ఉతుక్కునే రోజు వచ్చింది!"

"నిన్న కూడా ఉతుక్కున్నాం కదరా క్లిఫ్," అంది పెద్దమ్మ ముందు వరసలోంచి. చప్పట్లలో అది వినబడలేదు. వినబడినా వివరాల్లో రాయవద్దని నాకు సైగ వచ్చింది.

తర్వాత ఫౌండేషన్ అధ్యక్షురాలు డాక్టర్ ప్రిసిల్లా యాష్‌బర్న్ మాట్లాడింది. "మీలో ఒక మహాశక్తి నిద్రపోతోంది. దాన్ని మేల్కొల్పడానికే మేం వచ్చాం." రాత్రంతా డ్యూటీ చేసి వచ్చిన ఆర్నెటా మూడో వరసలో అప్పుడే ఒక కునుకు తీస్తోంది. ఆ ఫొటోనే ఫౌండేషన్ వార్షిక నివేదిక అట్ట మీద వేశారు.

మాకు పాఠాలు చెప్పడానికి వచ్చినవాడు టోబియస్ లిండ్‌క్విస్ట్. ఇరవై ఏడేళ్లు. ఉత్తరాన ఆరు నెలలు మంచుపడే చోట పుట్టాడు. సహకార సంఘాల మీద రెండు పట్టాలున్నాయి. సహకార సంఘంలో ఎప్పుడూ లేడు గానీ, ఉన్నవాళ్లను ఇద్దరిని దూరంనుంచి చూశాడు. మనిషి మంచివాడు. సమానత్వం కోసం అందరినీ పేరుపెట్టి నువ్వు అనేవాడు. "వెర్లీన్, నువ్వు ఏమనుకుంటున్నావు?" అని మొదటిసారి అడిగినప్పుడు గదిలో మిషన్లు కూడా ఆగిపోయినట్టయింది. పెద్దమ్మ మాత్రం చిరునవ్వు నవ్వి, "మీ అమ్మ బాగుందా నాయనా?" అంది. దాని భావం ఆయనకు తెలియడానికి ఏడు వారాలు పట్టింది.

మొదటిరోజు ముప్పై ఒక్క పేజీల ఒప్పంద పత్రం మీద అందరం సంతకాలు చేశాం. పంతొమ్మిదో పేజీ నేను చదివాను. అర్థం కాలేదు. అర్థం కాలేదని వివరాల్లో రాసుకున్నాను.

"ఇవాళ్టినుంచి మీరు దుకాణం నడపడం ఆపెయ్యాలి," అన్నాడు టోబియస్.

"ఎందుకు నాయనా?"

"శిక్షణకు ముందు మీకేమీ రాదు, తర్వాత వచ్చింది అని మేం చూపించాలి. మీరు ముందే నడిపేస్తుంటే మేం ఏం చేసినట్టు కనబడుతుంది?"

"మరి మా బట్టలు?"

"పన్నెండు వారాలే కదా!"

చేతులెత్తాం. లైసెన్సు వస్తుంది, ఎన్నాళ్లనుంచో చేస్తున్నది సొంతం అవుతుంది, ఓర్చుకుందాం అని ఇరవై రెండు చేతులు. డీకన్ ఒక్కడే ఎత్తలేదు. "తిరిగే మిషన్ని ఊరికే ఆపితే తుప్పు పడుతుంది," అన్నాడు. "మనుషులకైనా అంతే." ఆయనకు మార్పు అంటే భయమని నమోదు చేశారు.

పాఠాలు మంగళ, గురు, శనివారాలు మధ్యాహ్నం రెండింటికి. పనిచేసేవాళ్లు పనిలో ఉండే వేళ అదే గనక, శ్రామికుల మీద శ్రద్ధ ఎంత ఉందో తెలుసుకోవడానికి ఆ వేళ ఎంచుకున్నారు. గుండ్రంగా కూర్చోకపోతే సమానత్వం రాదని రెండో వారంలో తేలింది. గుండ్రంగా కూర్చోడానికి మిషన్లు అడ్డం. మొదట నాలుగు తీయించారు. ఆ నాలుగు పోయాక వచ్చిన సమానత్వం కోడిగుడ్డు ఆకారంలో ఉందని మిగతా ఐదూ తీయించారు. ఆరబెట్టేవి వాటంతటవే వెళ్లిపోయాయి. అన్నిటినీ భద్రంగా దాచామని రసీదు ఇచ్చారు. లాండ్రీ ఖాళీ అయ్యాక గోడల మీద రంగురంగుల చీటీలు అంటించడానికి చోటు దొరికింది. ఒక్కో చీటీ మీద మా కల రాయమన్నారు. "ఇంట్లో పేరుకున్న దుప్పట్లు ఉతుక్కోవాలి" అని పదహారుమంది రాశారు. కల పెద్దదిగా ఉండాలని వాటిని వెనక్కి ఇచ్చేశారు.

నాలుగో వారం వెనక్కి పడే పాఠం. కళ్లు మూసుకుని వెనక్కి పడిపోవాలి, మిగతావాళ్లు పట్టుకోవాలి. దానివల్ల ఒకరి మీద ఒకరికి నమ్మకం కుదురుతుంది. మేం ఒకరి పిల్లల్ని ఒకరం పెంచినవాళ్లం, ఒకరింటి శవాల్ని ఒకరం మోసినవాళ్లం, వరదొచ్చినప్పుడు ఒకే పైకప్పు మీద మూడు రోజులు గడిపినవాళ్లం. కానీ వెనక్కి పడలేదు. అందుచేత నమ్మకం లేనట్టే లెక్క. పెద్దమ్మ వంతు వచ్చింది. ఆవిడ ఒళ్లు కొంచెం భారీ.

"నేను పడితే వీళ్లు పట్టుకుంటారని నాకు తెలుసు నాయనా," అంది. "పట్టుకున్నాక వీళ్లు లేవరని కూడా తెలుసు."

నమ్మకం: పాక్షికం, అని రాశాను.

ఒకరోజు టోబియస్ చొక్కా జేబు మీద సిరా మరక. పాఠం అయ్యాక సిగ్గుపడుతూ పెద్దమ్మను అడిగాడు. "ముందు ఉప్పు చల్లి నానబెట్టు, తర్వాత నిమ్మకాయ పిండి ఎండలో వెయ్యి," అంది ఆవిడ. పైవారం అదే సంగతి తెరమీద బొమ్మలతో సహా కనబడింది. 'మరకల నిర్వహణ: ఫౌండేషన్ వారి పద్ధతి. అనుమతి లేనిదే వాడరాదు.' నిమ్మకాయ ముందు, ఉప్పు తర్వాత వచ్చింది, అచ్చుతప్పు. పరీక్షలో పెద్దమ్మ ఉప్పు ముందని రాసి రెండు మార్కులు పోగొట్టుకుంది.

నవ్వుతున్నారు కదూ. ఇప్పుడు ఆర్నెటా సంగతి వినండి.

లాండ్రీ మూసినప్పటినుంచి పేటలో బట్టలు ఉతకాలంటే మూటలు నెత్తిన పెట్టుకుని, రెండు బస్సులు మారి నది దాటాలి. ఆర్నెటాకు అంత తీరిక లేదు. ఉన్న రెండు యూనిఫాంలూ స్నానాల తొట్టిలో పిండుకునేది. మా పల్లంలో చలికాలం గాలే తడిగా ఉంటుంది. గుడ్డ ఆరదు. ముసలివాళ్లను శుభ్రం చేసే పని, మరకలు పడకుండా ఉండవు. మరకతో వెళ్తే సూపర్వైజరు హెచ్చరిక కాగితం ఇచ్చింది. మూడు కాగితాలైతే ఇంటికే. ఒకటి నవంబరులో వచ్చింది, ఒకటి జనవరిలో. అక్కణ్నించి ఆమె మరకతో వెళ్లడం మానేసి తడితో వెళ్లడం మొదలుపెట్టింది. తొంభై దాటిన ముసలాయన ఒకాయన, అన్నం తినిపిస్తుంటే ఆమె చెయ్యి పట్టుకుని, "బయట వాన పడుతోందా తల్లీ?" అన్నాడట.

"లేదు తాతా. శిక్షణ జరుగుతోంది," అందట ఆర్నెటా.

ఆ నెల ఆమె రెండు పాఠాలకు రాలేదు. బట్టల మూటతో బస్సులో ఉంది. కారణం అనేచోట 'సహకార స్పృహ కొరవడింది' అని రాయమన్నారు. రాశాను. ముప్పై నాలుగేళ్లు ఎంతమందికి ఎన్ని చెడ్డ వార్తలు మోసుకెళ్లి ఇచ్చానో, అవేవీ నా చేత్తో రాసినవి కావు. మర్నాడు ఆర్నెటా ఇంటికి వెళ్లి చెప్పాను. "పోనీలే బాబాయ్. నీ దస్తూరీ బాగుంటుంది. తిట్టినా అందంగా కనబడుతుంది," అంది.

పన్నెండు వారాలు అయ్యాయి. మేం 'అవగాహన' స్థాయి దాటామని, ఇంకా 'సంసిద్ధత', 'సమీపస్థితి' అనే రెండు స్థాయిలు ఉన్నాయని అప్పుడు చెప్పారు. అవి కూడా దాటాం. చివరికి ప్రయోగ పరీక్ష. నిజం మిషను మీద పెడితే తప్పులు జరగవచ్చని, ఆర్టు కాలేజీ పిల్లల చేత అట్టతో మిషను చేయించారు. లేని నాణెం వెయ్యాలి, లేని బట్టలు తియ్యాలి, ముగ్గురు పరీక్షకులు చూస్తారు. పెద్దమ్మ లేని దుప్పటిని ఎంత బాగా దులిపిందంటే ఒక పరీక్షకుడు తుమ్మాడు.

డీకన్ రూఫస్ అట్ట మిషను దగ్గరికి వెళ్లి అలవాటు చొప్పున చెవి ఆనించాడు. చాలాసేపు విన్నాడు.

"ఇందులో ఏమీ లేదండీ," అన్నాడు.

"ఉన్నట్టు భావించండి," అన్నారు వాళ్లు.

"భావిస్తే నీళ్లు రావు కదండీ."

ఆరేళ్లు ఆ తొమ్మిది మిషన్లను ప్రాణంతో నిలబెట్టిన మనిషి, మా పేట మొత్తంమీద ఒక్కడే, ఫెయిలయ్యాడు. రెండు వారాలు విడిగా కూర్చోబెట్టి చెప్పగా, రెండోసారి అట్టకు చెవి ఆనించి, "బెల్టు వదులైంది" అని గొణిగి ప్రథమ శ్రేణిలో గట్టెక్కాడు. ఆ సాయంత్రం ఇంటి మెట్ల మీద కూర్చుని చేతులు చూసుకుంటూ ఉండిపోయాడు.

అలా వచ్చిందే ఏప్రిల్ పద్నాలుగు. పట్టాలు, దండలు, మేయరుగారి ఉపన్యాసం అన్నీ అయ్యాయి. మర్నాడు పెద్దమ్మ, నేను ఇరవై మూడు సర్టిఫికెట్లతో ఆ కిటికీ దగ్గరికే వెళ్లాం. గుమాస్తా ఎంతో సంతోషించాడు. "అన్నీ సక్రమంగా ఉన్నాయమ్మా. ఇక మా ఇన్‌స్పెక్టరు వచ్చి మిషన్లు చూస్తే చాలు."

"మిషన్లు ఫౌండేషన్ దగ్గర ఉన్నాయి."

"మిషన్లు లేనిదే లైసెన్సు రాదమ్మా. శిక్షణ అయ్యాక మొట్టమొదట చూసుకోవలసింది అదే కదమ్మా!" అన్నాడు, మా అజాగ్రత్తకు నొచ్చుకుంటూ.

ఫౌండేషన్ భవనం గుట్ట మీద ఉంది. అంతా అద్దాలు. తలుపు తోసుకుని వెళ్లగానే పాలరాతి హాలు, నడుమ చిన్న నీళ్ల ఫౌంటెన్, దాని చుట్టూ అర్ధచంద్రాకారంలో మా తొమ్మిది మిషన్లు! తళతళ మెరుస్తున్నాయి. ఒక్కోదాని మీద ఒక్కో దీపం. ముందు ఇత్తడి పలక: 'ఆత్మగౌరవ చక్రాలు. బాటమ్ పేట ప్రజల శ్రమకు నివాళి. దయచేసి తాకరాదు.' పంతొమ్మిదో పేజీకి అర్థం నాకు ఆ క్షణాన తెలిసింది. 'సామగ్రిని తగు విధంగా సంరక్షించుటకు' మేమే ఒప్పుకున్నాం.

పెద్దమ్మ నిలబడి చూసింది. దగ్గరికి వెళ్లి ఒక మిషను మూత మీద చెయ్యి వేసింది. కాపలావాడు దగ్గాడు. ఆవిడ చెయ్యి తీసేసి, "పద ఎల్లిస్," అంది. బస్సు దిగేటప్పుడు, "తాకొద్దంట. ఇరవై ముగ్గురం తాకి తాకి అరగదీసినవాటిని," అంది.

ఆపై మంగళవారం పొద్దున పదింటికి చర్చి బస్సు ఆ అద్దాల భవనం ముందు ఆగింది. లోపల్నించి ముప్పై ఎనిమిది మూటలు దిగాయి. వృద్ధాశ్రమం యూనిఫాంలు ముందు. డీకన్ ఫౌంటెన్ గొట్టం విప్పి మిషన్లకు తగిలించాడు. దీపాలకు వచ్చే కరెంటులోంచి తీగలు లాగాడు. ఒక్కోదానికీ చెవి ఆనించాడు. ఈసారి లోపల అన్నీ ఉన్నాయి. తొమ్మిదీ ఒక్కసారి తిరగడం మొదలెట్టేసరికి హాలు హాలంతా గుడగుడలాడింది. ఆర్నెటా ఒక మిషనుకు వీపు ఆనించి కింద కూర్చుని, ఆ కదలికకు ఊగుతూ, నోరు మూసుకుని ఏడ్చింది.

మమ్మల్ని పోలీసులకు పట్టిస్తారనుకున్నాం. పెద్దమ్మ జైలుకని ఒక జత బట్టలు విడిగా కూడా సర్దుకొచ్చింది. కానీ ఆరోజు విరాళాలిచ్చే పెద్దలు పన్నెండుమంది భవనం చూడ్డానికి వచ్చి ఉన్నారు. ముత్యాలహారం వేసుకున్న ఒకావిడ నురగ చూసి కంటతడి పెట్టింది. మరొకాయన చప్పట్లు కొట్టాడు. మెట్ల మీద నిలబడిన డాక్టర్ యాష్‌బర్న్‌ ముందు మమ్మల్ని చూసింది, ఆపైన వాళ్లను చూసింది. తర్వాత, "ఇదే మా ప్రత్యక్ష ప్రదర్శన!" అంది.

అప్పట్నించి మాకు ప్రతి మంగళవారం పది నుంచి నాలుగు వరకు ఉతుక్కునే అవకాశం కలిగింది. దుకాణమైతే లైసెన్సు ఉండాలి, ప్రదర్శనకు అక్కర్లేదని నగర న్యాయవాది సెలవిచ్చాడు. చూడ్డానికి జనం టికెట్టు కొనుక్కుని వచ్చేవారు. వాళ్ల సౌకర్యం కోసం కొన్ని మార్పులు సూచించారు. నురగ బాగా కనబడాలి. దులపడం నెమ్మదిగా ఉండాలి. ఆర్నెటా యూనిఫాం మరీ తెల్లగా వచ్చేస్తోంది, చూసేవాళ్లకు పోరాటం కనబడటం లేదు.

"పని చేస్తూ ఒక పాట పాడితే బాగుంటుంది," అంది అధ్యక్షురాలు.

"పాట ఆదివారం పాడతామమ్మా. ఇవాళ మంగళవారం," అంది పెద్దమ్మ.

ఇలా ఐదు వారాలు. ఆరోవారం శుభవార్త వచ్చింది. ప్రదర్శన అఖండ విజయం సాధించినందున తొమ్మిది మిషన్లూ తొమ్మిది నగరాలకు పర్యటన వెళ్తున్నాయి. పెద్దమ్మకు కూడా బస ఇస్తారు. ఆర్నెటా అక్కర్లేదు.

జూన్ మొదటి ఆదివారం చర్చి నేలమాళిగలో కూర్చున్నాం. చేపలు వేగాయి. కెస్లర్‌గారి ఉత్తరం నా చేత చదివించారు. 'మిషన్లూ మీవే' అన్నచోట రెండుసార్లు చదివించారు. చేతులెత్తమంటే ఇరవై మూడు లేచాయి. డీకన్ మెటికలు విరుచుకుని, "ఇక్కడ గొట్టాలు నిన్ననే వేసేశానులే," అన్నాడు.

"ఓటు కాకముందే వేశావా? ఏం పెద్దమనిషివయ్యా!" అంది పెద్దమ్మ.

"ప్రథమ శ్రేణిలో పాసైనవాణ్ణి అక్కా. దార్శనికత ఉండదూ?"

మంగళవారం పొద్దున పదకొండింటికి, హాలు నిండా జనం ఉన్నప్పుడు, చర్చి గాయక బృందంలోని మగవాళ్లు పద్నాలుగుమంది నల్ల కోట్లు వేసుకుని వచ్చారు. బరువులెత్తేటప్పుడు గొంతులోంచి ఒక కూనిరాగం తీయడం వాళ్లకు అలవాటు. ఆ రాగం తీస్తూ మొదటి మిషన్ని ఎత్తారు. జనం లేచి నిలబడ్డారు. రెండోది వెళ్లేటప్పుడు టోపీలు తీశారు. నాలుగోది వెళ్లేటప్పుడు కాపలావాడు తలుపు బార్లా తెరిచి పట్టుకున్నాడు. డాక్టర్ యాష్‌బర్న్ గుండె మీద చెయ్యి పెట్టుకుని, "ఇది రాసుకోండి, ఇది రాసుకోండి," అని పక్కవాళ్లతో అంటోంది. బయట రెండు లారీలున్న సంగతి ఎవరూ గమనించలేదు. గమనించినవాడు టోబియస్ ఒక్కడే. అద్దంలోంచి లారీలను చూశాడు. మమ్మల్ని చూశాడు. ఆయన ఒక్క కేక వేస్తే చాలు, అంతా ఆగిపోయేది.

ఆయన వచ్చి తొమ్మిదో మిషను ఒక పక్క పట్టుకున్నాడు.

"మోకాళ్లు వంచి ఎత్తండి నాయనా, లేకపోతే నడుం పట్టేస్తుంది," అంది పెద్దమ్మ. ఆయన్ను ఆవిడ మీరు అనడం అదే మొదలు.

"సరే మిస్ వెర్లీన్," అన్నాడు. నువ్వు అనలేదు.

లారీలు కదిలేసరికి వెనక చప్పట్లు వీధి మలుపు దాకా వినిపించాయి.

దొంగతనం అని ఇంతవరకు ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు. 'ప్రదర్శన అంతిమ ఘట్టం: నిష్క్రమణ' అని ఫౌండేషన్ నివేదికలో ఎనిమిది పేజీలున్నాయి. చర్చి నేలమాళిగలో మిషన్లు రోజూ పొద్దున ఐదింటినుంచి తిరుగుతున్నాయి. బోర్డు లేదు, లైసెన్సు లేదు. నగరం లెక్కల్లో మా పేటలో ఎవరూ ఏమీ ఉతకడం లేదు. మేయరుగారి చొక్కాలు మాత్రం గురువారం వస్తాయి, శనివారం వెళ్తాయి. ఆర్నెటాకు మూడో కాగితం రాలేదు. టోబియస్ ఉద్యోగం పోయింది. ఇప్పుడు ఆయన మా దగ్గర మడతపెట్టడం నేర్చుకుంటున్నాడు. చేతులెత్తేటప్పుడు ఆయనదీ ఒక చెయ్యే. దుప్పటి నాలుగు మూలలు కలపడం ఇంకా రాలేదు. వస్తుంది, తొందరేం లేదు. ఆరబెట్టే ఐదు మిషన్లు ఎక్కడికి పోయాయో ఎంత వెతికినా దొరకలేదు గనక, నేలమాళిగలో ఈ గోడనుంచి ఆ గోడకు తాళ్లు కట్టి ఆరేస్తున్నాం.

గుట్ట మీద పాలరాతి హాలులో ఇప్పుడు తొమ్మిది దీపాల కింద తొమ్మిది ఖాళీ చోట్లున్నాయి. ఇత్తడి పలక మార్చారు. 'లేమి' అని పెట్టారు. ఉతుకుతున్న మమ్మల్ని చూడ్డానికి వచ్చినవాళ్లకంటే, మేం లేని చోటును చూడ్డానికి వస్తున్నవాళ్లే ఎక్కువని విన్నాను. చాలామంది ఏడుస్తున్నారట. అక్కణ్నించి మా చర్చికి ఒకటే బస్సు. ఇంతవరకు దాన్ని ఎవరూ ఎక్కలేదు.

ఇంత దూరం చదివారు గనక మీకూ ఒకసారి వచ్చి చూడాలనిపించవచ్చు. మహారాజులా రండి, మీ మురికి బట్టలు తెచ్చుకుని వరసలో నిలబడండి, మడతపెట్టడానికి ఒక చెయ్యి వెయ్యండి. ఉత్త కన్నీళ్లతో మాత్రం రాకండి. ఆరబెట్టుకోవలసిన తడి మా తాళ్ల మీద ఇప్పటికే చాలినంత ఉంది.